అందరూ ఒకే మాట మీద ఉంటే నోరు పెగలదు, కోపమొస్తే మాత్రం ఆగదు, ఎందుకిలా?

నసుగుడు_మాస్టర్
చాలా రోజులుగా అడుగుదామనుకుంటున్న డౌట్ ఇది. మీటింగ్‌లో గానీ ఫ్రెండ్స్ మధ్య గానీ అందరూ ఒకదానికి సై అంటున్నప్పుడు నాకు లోపల "ఇది కరెక్ట్ కాదు కదా" అనిపిస్తుంది, పాయింట్ కూడా క్లియర్‌గానే ఉంటుంది, కానీ చెప్దామని నోరు తెరిచేలోపు గుండె దడదడలాడుతుంది, గొంతు తడారిపోతుంది, ఈలోగా టాపిక్ ఎక్కడికో వెళ్ళిపోతుంది. అదే ఎవరైనా రెచ్చగొట్టారనుకోండి, అదే మాట పదిమందిలో గట్టిగా అనేస్తా, వెనకాముందు చూడను. మనిషి నేనే, అభిప్రాయం అదే, వినేవాళ్ళు కూడా వాళ్ళే. మరి ధైర్యం అనేది మనిషి గుణమా లేక ఆ పూట మూడా? మీకెలా ఉంటుందో చెప్పండి. "కాన్ఫిడెన్స్ పెంచుకో" లాంటి సలహాలు మాత్రం వద్దు ప్లీజ్, అవి ఇప్పటికే బోలెడు పోగయ్యాయి.

వేపపుల్ల
కాన్ఫిడెన్స్ పెంచుకో.

నసుగుడు_మాస్టర్
థాంక్స్ అన్నా, జీవితం మారిపోయింది.

సైకాలజీ_పురుగు
మాస్టారూ, ఆ దడ మీ ఒక్కరి సొత్తు కాదు. 2005లో గ్రెగరీ బర్న్స్ టీమ్ వాళ్ళు మనుషుల్ని ఎఫ్ఎంఆర్ఐ స్కానర్‌లో (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపించే మెషీన్) పడుకోబెట్టి రెండేసి బొమ్మలు చూపించి, తిప్పి చూస్తే ఈ రెండూ ఒకటేనా కాదా అని అడిగారు. మిగతా గ్రూప్ వాళ్ళ ఆన్సర్లు కూడా చూపించారు, అందులో కొన్ని కావాలనే తప్పుగా పెట్టినవి. గ్రూప్‌కి ఎదురెళ్ళి సొంత ఆన్సర్ మీద నిలబడ్డప్పుడు మెదడులో అమిగ్డలా అనే భాగం ఎక్కువగా పనిచేసింది, అది ఎమోషన్స్‌తో బాగా ముడిపడిన చోటు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే అక్కడ ఎవరూ తిట్టలేదు, ఉద్యోగం పోయేది లేదు, ఫ్రెండ్‌షిప్ చెడేది లేదు, ఉత్త బొమ్మలు తిప్పే ఆట. అయినా ఒంటరిగా నిలబడ్డందుకే లోపల అలజడి. నాకనిపించేది, ముందు ఒళ్ళు రియాక్ట్ అవుతుంది, ఆ తర్వాత మనం తీరిగ్గా కారణాలు వెతుక్కుంటాం, "ఇప్పుడు టైం కాదులే", "నాకు సబ్జెక్ట్ పూర్తిగా తెలీదులే" అని.

లెక్కల_పిచ్చి
పురుగు గారూ చిన్న అబ్జెక్షన్. అమిగ్డలా పనిచేసింది కాబట్టి భయమే అని తేల్చేయలేం. కొత్త వస్తువు కనబడినా, బాగా ఇష్టమైనది కనబడినా అది పనిచేస్తుంది. స్కానర్ బొమ్మలకంటే నాకు సాలమన్ ఆష్ అనే సైకాలజిస్ట్ చేసిన పాత ప్రయోగాలే నచ్చుతాయి, 1950లలోవి. గీతల పొడవు పోల్చే పని, చిన్నపిల్లాడు కూడా చెప్పేస్తాడు, ఒంటరిగా అడిగితే తప్పులు ఒక శాతం కూడా రాలేదు. కానీ చుట్టూ కూర్చున్నవాళ్ళు అందరూ ముందే మాట్లాడుకుని తప్పు గీతే కరెక్ట్ అంటుంటే, మూడింట ఒక వంతు కంటే ఎక్కువ ఆన్సర్లు వాళ్ళ వైపు జారాయి. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా జారారు. ఒక పాతిక శాతం మంది మాత్రం ఒక్కసారి కూడా జారలేదు, వీళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు ఎందుకో.

అసలు సంగతి తర్వాత కూర్చోబెట్టి ఎందుకలా చెప్పావని అడిగినప్పుడు బయటపడింది. కొందరికి నిజంగానే తమ కళ్ళ మీద డౌట్ వచ్చిందట. కొందరికి డౌట్ లేదు, తెలిసే చెప్పారు, వేరుగా కనబడటం ఇష్టం లేక. అదే ఆన్సర్ పైకి చెప్పకుండా కాగితం మీద రాయమంటే మాత్రం జారడం బాగా తగ్గింది. అంటే చాలామందికి లోపల అభిప్రాయం మారలేదు, పైకి చెప్పడం దగ్గరే ఏదో పట్టేసింది. దాన్ని భయం అనండి సిగ్గు అనండి మొహమాటం అనండి, మూడూ ఒకటి కాదని నా పాయింట్.

ఎదురీత
మొహమాటం కరెక్ట్ మాట. భయం అంటే నాకేదో అవుతుందని, మొహమాటం అంటే ఎదుటివాడికి ఇబ్బంది అవుతుందేమోనని. నాకు ఎక్కువగా రెండోదే.

కోపం సంగతికొస్తే మాస్టర్ అడిగింది మంచి ప్రశ్న. జెన్నిఫర్ లెర్నర్, డాకర్ కెల్ట్‌నర్ అని ఇద్దరు ఈ భయం, కోపం తేడా మీద 2000, 2001లో పేపర్లు రాశారు. భయంలో ఉన్నవాడికి రిస్క్ ఉన్నదానికంటే పెద్దగా కనబడుతుంది, కోపంలో ఉన్నవాడికి చిన్నదిగా కనబడుతుంది. రెండూ చెడ్డ ఫీలింగ్స్ అని ఒకే గంపలో వేస్తాం గానీ రిస్క్ లెక్క దగ్గర రెండూ చెరోవైపు లాగుతాయి, విచిత్రంగా కోపంగా ఉన్నవాడి లెక్క సంతోషంగా ఉన్నవాడి లెక్కకి దగ్గరగా ఉంటుంది. ఎందుకంటే కోపంలో "ఏం జరిగిందో నాకు తెలుసు, తప్పెవరిదో తెలుసు, పరిస్థితి నా చేతిలో ఉంది" అన్న ఫీలింగ్ ఉంటుంది, భయంలో ఏదీ ఖాయంగా తెలీదు, ఏదీ మన చేతిలో లేదనిపిస్తుంది. కాబట్టి మీకు ఆ టైంలో ధైర్యం ఎక్కడి నుంచో వచ్చిపడటం లేదు, ఖర్చు ఎంతవుతుందో కనబడటం మానేస్తుంది, అంతే.

వేపపుల్ల
సరే ఇప్పుడు సీరియస్‌గా. కోపంలో నోరు తెరుచుకుంటుంది నిజమే, కానీ అవతలివాళ్ళ చెవులు మూసుకుంటాయి. వాళ్ళకి మన పాయింట్ గుర్తుండదు, మన మొహం ఎంత ఎర్రబడిందో గుర్తుంటుంది. పైగా తర్వాత "ఆ రోజు కోపంలో అన్నాడులే" అని అభిప్రాయాన్ని కూడా కోపంతో పాటే కొట్టిపారేస్తారు, చల్లబడ్డాక మళ్ళీ అదే మాట మామూలుగా చెప్పినా పాత గొడవ తవ్వుతున్నాడంటారు. నా లెక్క ప్రకారం భయంతో ఊరుకున్నవాడికి ఇంకో ఛాన్స్ ఉంటుంది, కోపంతో అన్నవాడు ఆ ఛాన్స్ కూడా వాడేసుకున్నట్టే.

ఎదురీత
ఇది మరీ అన్యాయం అన్నా. చాలాసార్లు కోపం వస్తే తప్ప బయటకి రాని నిజాలుంటాయి. మెత్తగా ఎన్నిసార్లు చెప్పినా వినకపోతేనే కదా గొంతు లేస్తుంది.

వేపపుల్ల
నేను కోపం వద్దనట్లేదు తమ్ముడూ, కోపం వచ్చినరోజు మాత్రమే మాట్లాడటం వద్దంటున్నా. మోస్కోవిచి అని ఒకాయన 1969లో చేశాడు చూడు, నీలం రంగు స్లైడ్లు చూపిస్తుంటే ఆరుగురిలో ఇద్దరు కావాలని "ఆకుపచ్చ" అంటారు. ప్రతిసారీ తడబడకుండా అంటే మిగతావాళ్ళ ఆన్సర్లలో 8 శాతం పైచిలుకు వాళ్ళ వైపు వచ్చాయి. ఒకసారి అని ఒకసారి అనకపోతే ఒక శాతం దగ్గరే ఆగింది. 8 కూడా గొప్ప నంబరేం కాదు, నీలాన్ని ఆకుపచ్చ అంటే అంతకంటే ఎవడొస్తాడు. నేను చెప్పేది ఏంటంటే తక్కువమంది ఉన్నప్పుడు నిలకడే బలం, మూడు నెలలకోసారి పేలేవాడికి నిలకడ ఎక్కడిది.

ఆఫ్‌లైన్_అక్క
అందరూ భయం, కోపం అంటున్నారు, నా సమస్య వేరే. బయటివాళ్ళ ముందు నేను బాగానే మాట్లాడతా, అసలు మొహమాటమే ఉండదు. ఇంట్లోవాళ్ళ ముందు, చిన్నప్పటి ఫ్రెండ్స్ ముందు నోరు రాదు. వాళ్ళేదో చేస్తారని కాదు, వాళ్ళ మొహంలో ఆ "నువ్వు కూడానా" అన్న చూపు తట్టుకోలేను. దీన్ని భయం అంటే నేనొప్పుకోను, ఇష్టమే నోరు నొక్కేస్తుంది. ముక్కూమొహం తెలియనివాడు నన్ను తప్పుగా అనుకుంటే రాత్రి హాయిగా నిద్రపడుతుంది నాకు.

లెక్కల_పిచ్చి
అక్కా, మీరు చెప్పింది లెక్కల్లో కూడా ఉంది. ఎలిజబెత్ నోయెల్ నాయ్‌మన్ అని జర్మనీ పరిశోధకురాలు 1974లో "మౌన సుడి" సిద్ధాంతం రాసింది. నా అభిప్రాయం తక్కువమందిదే అనిపిస్తే ఒంటరినవుతానన్న భయంతో ఊరుకుంటా, నేను ఊరుకుంటే అది ఇంకా తక్కువమందిదిగా కనబడుతుంది, దాంతో ఇంకొకరు ఊరుకుంటారు, అలా సుడి తిరుగుతూ పోతుంది. వినడానికి ఎంత బాగుంటుందో లెక్కల్లో అంత బలంగా తేలలేదు. 2018లో 66 అధ్యయనాలు కలిపి చూస్తే సంబంధం ఉంది గానీ చిన్నదే. కానీ మాట్లాడేది ఇంట్లోవాళ్ళతో, ఫ్రెండ్స్‌తో, ఇరుగుపొరుగుతో అయినప్పుడు, అదీ సొంత జీవితాన్ని తాకే విషయమైనప్పుడు ఆ సంబంధం చాలా బలంగా కనబడింది. అంటే నోరు మూయించేది ఊరూపేరూ లేని జనం కాదు, మనవాళ్ళే.

సైకాలజీ_పురుగు
ఇది నాకు బాగా నచ్చింది. సిద్ధాంతం రాసినావిడ ట్రైన్‌లో పక్క సీటు అపరిచితుడితో మాట్లాడతారా అని అడిగేది సర్వేలో, ఐదు గంటల ప్రయాణం అనుకోండి అని. బహుశా తప్పు సీటు దగ్గర అడిగింది.

లెక్కల_పిచ్చి
హహ, అయితే మరీ అంత తీసిపారేయకండి, అపరిచితుల మధ్య కూడా కొంత ఉంది. మనవాళ్ళంతా ఒకేసారి చూస్తుంటే ఏమవుతుందో దానికి ఇంకో లెక్క ఉంది. అమెరికాలో ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ వాళ్ళు 2013లో స్నోడెన్ గొడవ (ప్రభుత్వం జనం ఫోన్ల మీద నిఘా పెట్టిందని అతను బయటపెట్టింది) జరిగినప్పుడు 1,801 మందిని అడిగారు, ఆ విషయం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడతామన్నవాళ్ళు 86 శాతం, ఫేస్‌బుక్, ట్విట్టర్ వాడేవాళ్ళలో అక్కడ పెడతామన్నవాళ్ళు 42 శాతమే. ఆన్‌లైన్‌లో ఇంట్లోవాళ్ళు, ఆఫీసువాళ్ళు, పాత ఫ్రెండ్స్ అందరూ ఒకేసారి చూస్తుంటారు కదా, ఎవరి మొహం గుర్తొస్తే వాళ్ళకి తగ్గట్టు మాట మింగుతాం.

గోడమీదపిల్లి
చాలాకాలంగా చదివి వెళ్ళిపోవడమే, మొదటిసారి రాస్తున్నా. మీరు ఇంకో ఫీలింగ్ వదిలేశారు, "నాకొక్కడికే ఇలా అనిపిస్తోందేమో" అన్న సిగ్గు. అందరూ తలూపుతుంటే వాళ్ళంతా మనస్ఫూర్తిగానే ఊపుతున్నారనుకుంటాం, మనం మాత్రం మొహమాటానికి ఊపుతున్నామని మనకి తెలుసు. మన తల ఊపడం నటన, పక్కవాడిది నిజం, ఇదెక్కడి లెక్క? పక్కవాడు కూడా మనల్ని చూసి అదే అనుకుంటున్నాడు కదా.

సైకాలజీ_పురుగు
స్వాగతం పిల్లి గారూ, మంచి పాయింట్‌తో వచ్చారు. దీని మీద ప్రెంటిస్, మిల్లర్ అని ఇద్దరు ప్రిన్స్‌టన్ స్టూడెంట్స్‌ని అడిగి 1993లో పేపర్ వేశారు. క్యాంపస్‌లో తాగుడు అలవాటు మీద నీకు ఎంత ఇబ్బందిగా ఉంది, మిగతావాళ్ళకి ఎంత ఉందనుకుంటున్నావు అని. ప్రతివాడూ తనకున్నంత ఇబ్బంది మిగతావాళ్ళకి లేదనే అనుకున్నాడు. అందరికీ ఇబ్బందిగానే ఉంది, అందరూ ఒంటరిగానే ఇబ్బంది పడుతున్నారు. పైగా వాళ్ళలో అబ్బాయిలు టర్మ్ గడిచేకొద్దీ తమ అభిప్రాయాన్నే ఆ లేని మెజారిటీ వైపు జరుపుకున్నారు కూడా. నాకు ఇందులో భయపెట్టేది ఆ రెండో ముక్కే, ఊరుకుని ఊరుకుని చివరికి మనకే అలా అనిపించడం మానేయొచ్చు.

సూటిగా_సుత్తి
ఇదంతా సోది. అసలు ఈ రోజుల్లో ఫలానా పార్టీ వాళ్ళ గురించి నిజం మాట్లాడితే బతకనిస్తున్నారా, ముందు దాని గురించి

*(మిగతా భాగం తీసేశాం. పార్టీల గొడవ వేరే సెక్షన్‌లో పెట్టుకోండి. టాపిక్ మీద ఎవరికి ఏ అభిప్రాయమున్నా రాయొచ్చు. మోడరేటర్)*

సూటిగా_సుత్తి
చూశారా, నోరు మూయించారు.

వేపపుల్ల
సుత్తి బ్రో పుణ్యమా అని ఒకటి గుర్తొచ్చింది. ఎదురు చెప్పడం అంటే అందరికీ కష్టం అన్నట్టు మాట్లాడుతున్నాం ఇక్కడ, కొందరికి అదే కిక్కు. రూమ్‌లో అందరూ అవునంటే వాడికి కాదనాలని దురదపుడుతుంది, రేపు అందరూ కాదంటే అవునంటాడు. వాడికి అభిప్రాయం ముఖ్యం కాదు, "నేను గొర్రెని కాదు" అన్న ఆనందం ముఖ్యం. అది కూడా ఎమోషనే కదా, భయానికి తిరగేసిన ముఖం. అలాంటివాళ్ళ వల్ల నిజంగా పాయింట్ ఉన్నవాడు నోరు తెరిచినా "మొదలెట్టాడ్రా వీడు కూడా" అంటారు.

సూటిగా_సుత్తి
నన్నేనా?

వేపపుల్ల
నన్ను కూడా కలుపుకునే అన్నా.

లెక్కల_పిచ్చి
దీనికి సంబంధించి షార్లన్ నెమెత్ చేసినది ఒకటుంది, 2001లో వచ్చింది. గ్రూప్‌లో ఒకడు నిజంగానే వేరేగా నమ్మి వాదిస్తే ఒక రకం, "నువ్వు ఊరికే ఎదురు వాదించు" అని ఒకడికి రోల్ ఇచ్చి వాదింపజేస్తే ఇంకో రకం. మాటలు ఇంచుమించు అవే అయినా, నిజంగా నమ్మినవాడు ఉన్న గ్రూప్‌లోనే మిగతావాళ్ళు రెండు వైపులా కొత్తగా ఆలోచించారు. రోల్ ఇచ్చినప్పుడు, వినేవాళ్ళు తమ పాత అభిప్రాయాన్ని ఇంకా గట్టిపరుచుకునే కారణాలే వెతుక్కున్నారు. కాబట్టి ఇది ఊరికే ఇచ్చిన రోల్ అని తెలిస్తే వినేవాడి మీద అంతగా పనిచేయదనుకుంటా.

నసుగుడు_మాస్టర్
అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ఒక విషయం మాత్రం నాకింకా అర్థం కాలేదు. ఆ దడ తగ్గాక మాట్లాడాలా, దడతోనే మాట్లాడాలా? తగ్గేదాకా ఆగితే మీటింగే అయిపోతుంది.

సైకాలజీ_పురుగు
దడతోనే. ఆ క్షణంలో దాన్ని బలవంతంగా తగ్గించడం కష్టం. దీని మీద అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో చేసింది, అందరి ముందు మాట్లాడబోయేవాళ్ళలో కొందరిని "నేను ప్రశాంతంగా ఉన్నా" అనుకోమని, కొందరిని "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకోమని చెప్తే రెండోవాళ్ళే మెరుగ్గా మాట్లాడారు. దడ దడగానే ఉంటుంది, దానికి పేరు మార్చారంతే. ఇంకోటి, మన కంగారు అవతలివాళ్ళకి మనం అనుకున్నంత కనబడదు. సావిట్‌స్కీ, గిలోవిచ్ 2003లో ఈ మాట ముందుగా చెప్పి స్పీచ్ ఇవ్వమంటేనే కొందరు ఇంకా బాగా ఇచ్చారు. మీకు గొంతు వణికినట్టు మీ చెవులకి వినబడినంత వాళ్ళకి వినబడదు.

ఎదురీత
రాసి పెట్టుకుని చదివేయొచ్చు కూడా. లేదా ముందే మెయిల్ పెట్టేయొచ్చు.

వేపపుల్ల
మెయిల్ పెట్టి చేతులు దులుపుకోవడం చాలామంది చేసేదే. 1961లో అమెరికా అధ్యక్షుడు కెనడీ క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దాడి ప్లాన్ చేస్తున్నప్పుడు ఆయన సలహాదారు ఆర్థర్ ష్లెసింజర్ వద్దని మెమో రాశాడు, రాతలో గట్టిగానే చెప్పాడు. క్యాబినెట్ రూమ్ చర్చల్లో మాత్రం దాదాపు నోరు విప్పలేదు. దాడి ఘోరంగా ఫెయిలైంది, ఆ మౌనానికి తర్వాత తనని తానే నిందించుకున్నానని 1965లో వచ్చిన పుస్తకంలో రాసుకున్నాడు. కాగితం మీద ఉన్న ధైర్యం ఆ బల్ల దగ్గర ఎందుకు లేదు? ఎందుకంటే కాగితానికి మొహాలుండవు.

ఎదురీత
అలాగని నోటితో అన్నంత మాత్రాన అయిపోతుందా? 1986లో చాలెంజర్ స్పేస్ షటిల్ ఎగరడానికి ముందు రాత్రి కాన్ఫరెన్స్ కాల్‌లో, దాని రాకెట్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు రోజర్ బోజోలే వాళ్ళు చలిలో ఓ రింగులు (రాకెట్ అతుకుల దగ్గర ఉండే రబ్బరు సీళ్ళు) సరిగ్గా పనిచేయవు, ఆపండి అని గట్టిగా వాదించారు, భయమూ మొహమాటమూ వాళ్ళ నోరు నొక్కలేదు. వాళ్ళ కంపెనీ మేనేజ్‌మెంట్ పక్కకెళ్ళి మాట్లాడుకుని నిర్ణయం తిప్పేసింది. మర్నాడు ఏడుగురు పోయారు. ఎప్పుడూ చెప్పేవాడి మనసు బాగుచేయడమేనా, వినేవాళ్ళ మనసు సంగతేంటి? చెడువార్త వింటే వాళ్ళకి వచ్చే చిరాకు కూడా ఎమోషనే.

గోడమీదపిల్లి
ఎదురీత అన్న ప్రశ్నకి నా దగ్గర ఆన్సర్ లేదు గానీ ఒకటి చెప్తా. మా టీమ్‌లో ఒకమ్మాయి ఉంది, అందరూ ఓకే అన్నదానికి కాదంటుంది, ఒక్కతే. అందరం బల్ల వైపు చూస్తూ కూర్చుంటాం. మీటింగ్ అయ్యాక ఒక్కొక్కరుగా వెళ్ళి "నువ్వు చెప్పింది కరెక్టే" అని చెవిలో చెప్తాం. ఇది తనకి ధైర్యం ఇవ్వడమేనా లేక మా గిల్ట్ దించుకోవడమా అని ఇప్పుడు డౌట్ వస్తోంది.

ఆఫ్‌లైన్_అక్క
గిల్ట్ దించుకోవడమే పిల్లీ, సారీ. నేను ఆ అమ్మాయి సీట్లో ఉన్నదాన్ని. చెవిలో చెప్పేవాళ్ళ మీద వచ్చినంత కోపం నాకు ఎదురు వాదించినవాళ్ళ మీద కూడా రాలేదు. వాదించినవాడు కనీసం నాతో మాట్లాడాడు. చెవిలో చెప్పినవాళ్ళు లోపల నన్ను ఒంటరిని చేసి, బయటకొచ్చి "నువ్వు ఒంటరివి కాదు" అంటారు. అలా ఐదుగురు చెప్పారనుకో, ఆ ఐదుగురూ అక్కడే ఒక్క ముక్క అనుంటే మెజారిటీ మాదే కదా!

లెక్కల_పిచ్చి
అక్కా, కోపం న్యాయమే, కానీ చెవిలో చెప్పడం పూర్తిగా వేస్ట్ అనను. కనీసం తన తల తిక్కది కాదని ఆ అమ్మాయికి తెలుస్తుంది. అయితే రూమ్‌లో పక్కన ఉండటానికీ దీనికీ పోలికే లేదు. ఆష్ దగ్గర ఒక్కడు, ఒకే ఒక్కడు నిజం చెప్పేవాడు పక్కనుంటే మెజారిటీ వైపు జారడం దాదాపు నాలుగో వంతుకి పడిపోయింది. మధ్యలో వాడు మెజారిటీలోకి దూకేస్తే మళ్ళీ మొదటికొచ్చింది. అదే ఏదో పనుందని రూమ్ నుంచి వెళ్ళిపోతే మాత్రం వాడి ప్రభావం కొంత మిగిలింది. వదిలేసి వెళ్ళడం వేరు, అవతలివైపు చేరడం వేరు.

గోడమీదపిల్లి
కానీ నిజం చెప్పాలంటే తను చెప్పేవన్నీ నాకు కరెక్ట్ అనిపించవు. సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను. అలాంటప్పుడు తన పక్కన ఎలా నిలబడతాను?

లెక్కల_పిచ్చి
ఒప్పుకోనక్కర్లేదు. ఆష్ ఇంకో రకంగా కూడా చేశాడు, పక్కవాడు కరెక్ట్ ఆన్సర్ చెప్పడు, వేరే తప్పు ఆన్సర్ చెప్తాడు, కాకపోతే మెజారిటీ చెప్పిన తప్పు కాదు. అప్పుడు కూడా జారడం తగ్గింది. "నాకు ఆ మొదటి పాయింట్ ఓకే, రెండోది కాదు" అని పైకి అన్నా చాలు, అందరిదీ ఒకే మాట అన్న సీన్ పోతుంది.

ఆఫ్‌లైన్_అక్క
అది కూడా కష్టమైతే "తనని పూర్తిగా చెప్పనివ్వండి" అను పిల్లీ. దానికి అభిప్రాయం కూడా అక్కర్లేదు.

వేపపుల్ల
అంటాడు గానీ, తర్వాత పిల్లిని కూడా ఆ అమ్మాయి బ్యాచ్‌లో కలిపేస్తారు, అది ముందే చెప్పండి పాపం.

గోడమీదపిల్లి
అది తెలుసన్నా, అందుకేగా ఇన్నాళ్ళూ బల్ల వైపు చూసింది. సోమవారం మీటింగ్ ఉంది, రెండో పాయింట్ ఒప్పుకోనని అయితే అంటా.